ఉక్కు కట్టడములును అగ్నియు

ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ కమిషనర్ గారి సముఖమునకు,

మహాశయా,

అమరావతిలో సచివాలయమునకును శాఖాధిపతుల కార్యాలయములకును మీ సంస్థ నిర్మింప పూనుకొన్న ఐదు ఉన్నత భవనములు డయాగ్రిడ్ అను పద్ధతిలో, అనగా భవనము వెలుపలి అంచున నిలువు స్తంభములకు మారుగా ఏటవాలు ఉక్కు దూలములు ఒకదానినొకటి ఖండించుకొనుచు త్రిభుజములుగా అల్లుకొనిన చట్రముతో, నలువది ఏబది అంతస్తుల ఎత్తునకు లేవనున్నవి. ఇంతటి ఎత్తున, ఇంతటి ఉక్కుతో ఒక ప్రభుత్వ కార్యాలయమును తెలుగువారు ఇంతకు మునుపు కట్టుకొనలేదు. వీని సొగసును గూర్చియు వ్యయమును గూర్చియు పత్రికలలో చర్చ సాగినది, సాగుచునే యున్నది. ఆ చర్చలోనికి నేను ప్రవేశింపను. నేను అడుగదలచినది వేరు: ఈ ఉక్కు నిప్పులో ఎంతసేపు నిలుచును, ఆ గడువును మనము దేనివలన సంపాదించుచున్నాము, అట్లు సంపాదించినది ముప్పది ఏండ్ల తరువాత కూడ చెక్కుచెదరక యున్నదని ఎవరు చూచెదరు?

ఈ ప్రశ్న తొందరపాటుగా తోచవచ్చును. కాని తమరే ఇందుకు ఒక మార్గము చూపియున్నారు. పనులు ఆగిపోయి, ఈ భవనముల పునాదులు ఏండ్ల తరబడి నీటిలో మునిగియున్నప్పుడు, వాని దృఢత్వమును గూర్చి జనులకు కలిగిన సందేహమును తేలికగా త్రోసిపుచ్చక, మదరాసు ఐ.ఐ.టి. నిపుణులను రప్పించి పరీక్ష చేయించిరి. అది శ్లాఘింపదగిన పని. నీటిని గూర్చి చూపిన ఆ శ్రద్ధనే నిప్పును గూర్చియు చూపవలెనని కోరుటకు ఈ లేఖ వ్రాయుచున్నాను. నీటివలన కలిగిన చెరుపును చట్రము లేవకమునుపే పరీక్షింప వీలైనది. నిప్పువలన కలుగగల చెరుపు విషయమున మాత్రము అట్టి అవకాశము చట్రము లేచుచున్న ఈ కొలది కాలము వరకే యుండును. అద్దపు గోడలును, ఫాల్స్ సీలింగులును ఉక్కును కన్నులకు కనబడకుండ కప్పివేసిన పిమ్మట, లోపల ఏమి చేసితిమో, ఏమి చేయక విడిచితిమో ఎవరును చూడజాలరు.

ఉక్కును గూర్చి మనలో రెండు నమ్మకములు వ్యాపించియున్నవి. ఉక్కు కాలదు గనుక ఉక్కు భవనమునకు నిప్పు భయము లేదనునది మొదటిది. నిప్పు తగిలిన ఉక్కు కరగి కూలిపోవుననునది రెండవది. రెండును సరికావు. ఉక్కు కరగుటకు సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. కార్యాలయములో కాగితములు, కుర్చీలు, బల్లలు, తివాచీలు, విద్యుత్తు తీగల తొడుగులు కాలగా పుట్టు వేడి సామాన్యముగా 800 మొదలు 1100 డిగ్రీల వరకు మాత్రమే యుండును. కావున కరగుటయను మాట లేదు. అయితే కరగనంత మాత్రమున బలము నిలిచియుండునని తలపరాదు. మన పల్లెలలో కమ్మరి కొలిమిలో ఇనుమును కరగింపడు; ఎర్రబడువరకు కాల్చి, సుత్తితో తనకు కావలసినట్లు వంచుకొనును. అట్లు ఎర్రబడిన ఇనుము మీదనే పది అంతస్తుల బరువు మోపబడియున్నదని ఊహించుకొన్నచో విషయము బోధపడును.

మన దేశమున ఉక్కు కట్టడములకు ప్రమాణగ్రంథమైన ఐ.ఎస్. 800 యొక్క 2007 నాటి సంస్కరణలో పదునారవ ప్రకరణము అగ్నినిరోధమునకే కేటాయింపబడినది. అందలి సూత్రమును బట్టి చూడగా 215 డిగ్రీల వరకు ఉక్కు తన బలమును నిలుపుకొనును. అక్కడినుండి వేడి హెచ్చినకొలది బలము క్రమముగా తరుగుచు, 560 డిగ్రీలకు సగమై, 905 డిగ్రీలకు లెక్కలో శూన్యమగును. దూలము మోయగల బరువులో సుమారు సగమే అగ్నిప్రమాద సమయమున దానిమీద ఉండునని సామాన్యముగా ఎంచెదరు గనుక, 550 డిగ్రీల పరిసరమున ఉక్కు ఆపద అంచునకు చేరునని ఇంజనీర్లు చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. పై రక్షణ ఏమియు లేని దూలము పరీక్షాగారపు కొలిమిలో ఈ స్థితికి వచ్చుటకు తరచుగా పావుగంట మొదలు అరగంట చాలును. ఇందును తారతమ్యము కలదు: పలుచని దూలము వెంటనే కాగును, దళసరి స్తంభము తడవు తీసికొని కాగును. ఉన్నత భవనముల క్రింది అంతస్తుల స్తంభములు దళసరివగుటచే కొంత స్వయంరక్షణ కలిగియుండును. పై అంతస్తులవానికి ఆ భాగ్యము తక్కువ.

ఈ సత్యము క్రొత్తగా కనుగొన్నది కాదు. 1871లో చికాగో నగరము దగ్ధమైనప్పుడు, అగ్నికి అభేద్యములని పేరుపడిన భవనములలో పై రక్షణ లేని ఇనుప స్తంభములును దూలములును వంగియు విరిగియు పడిపోయినవి. ఆ నగరముననే 1885లో విలియం లె బారన్ జెన్నీ ఇనుమును ఉక్కును కలిపిన చట్రముతో హోమ్ ఇన్సూరెన్స్ భవనమును నిర్మించినప్పుడు, ఆ లోహమునకు ఇటుకలతోడి రక్షణ కల్పింపబడినది. 1904 ఫిబ్రవరిలో బాల్టిమోర్ నగరపు వర్తక కేంద్రము కాలిపోగా, చుట్టునున్నవానిలో పెక్కు నేలమట్టమైన చోట, డేనియల్ బర్న్‌హామ్ రచించిన పదునారు అంతస్తుల కాంటినెంటల్ ట్రస్టు భవనము లోపల సర్వమును భస్మమైనను దాని ఉక్కు చట్రము నిలిచినది. దానిని మరల సవరించి వాడుకలోనికి తెచ్చుకొన్నారు. ఒక శతాబ్దమునకు పైగా అది నిలిచియున్నది. ఉక్కు గొప్పతనము ఇచ్చట బయటపడుచున్నది. ఆరు వందల డిగ్రీలకు మించి కాగక, వంగక మిగిలిన మామూలు ఉక్కు చల్లారిన పిమ్మట తన బలమును దాదాపుగా తిరిగి పొందును. ఇట్టి గుణమున్న వస్తువును మనము అనుమానింప నక్కరలేదు; దానికి కాపుదల మాత్రము కావలెను.

ఆ కాపుదల కాలక్రమమున రూపము మార్చుకొన్నది. కాల్చిన మట్టి పెంకులు, ఇటుకలు, కాంక్రీటు తొడుగు పోయి, జిప్సము, సిమెంటు, వర్మిక్యులైటు మొదలగువానితో కూడిన తేలికైన లేపనమును ఉక్కుమీద చిమ్ముట వచ్చినది. జిప్సము పలకలు బిగించుట వచ్చినది. వేడి తగులగానే తన మందమునకు ఎన్నో రెట్లు పొంగి ఉక్కును కప్పివేయు రంగులు వచ్చినవి. 1970 ప్రాంతమున పిట్స్‌బర్గులో కట్టిన అరువదినాలుగు అంతస్తుల యు.ఎస్. స్టీల్ భవనమున వెలుపలి స్తంభముల బోలునందు నీరు నింపి, నిప్పు తగిలినచో ఆ నీరే వేడిని లాగికొనిపోవునట్లు ఏర్పాటు చేసిరి. సాధనము ఏదైనను ప్రయోజనము ఒక్కటియే: ఉక్కునకు వేడి చేరుటను ఆలస్యము చేసి, ఆ ఆలస్యములో లోపలివారు దిగిపోవుటకును, అగ్నిమాపక దళమువారు పైకి చేరుటకును వ్యవధి కల్పించుట. నలువదవ అంతస్తునకు అందు నిచ్చెన ఏ అగ్నిమాపక దళమునొద్దను లేదు గనుక, ఆ ఎత్తున ఉన్న మనిషికి మెట్లదారి తప్ప వేరు దారి లేదు గనుక, ఈ వ్యవధియే ప్రాణము.

ఇక జరిగిన ప్రమాదములను చూతము. 1988 మే 4వ తేదీ రాత్రి లాస్ ఏంజలిస్ నగరములో అరువదిరెండు అంతస్తుల ఫస్ట్ ఇంటర్‌స్టేట్ బ్యాంకు భవనపు పండ్రెండవ అంతస్తున నిప్పు పుట్టి, పదునారవ అంతస్తు వరకు ఎగబ్రాకి, మూడున్నర గంటలసేపు మండినది. స్ప్రింక్లర్లు బిగించు పని అప్పటికి సాగుచుండెను గాని అవి ఇంకను పనిచేయుట లేదు. సంగతి చూచి వత్తునని లిఫ్టులో ఆ అంతస్తునకే పోయిన ఒక ఉద్యోగి మరణించెను. నాలుగు అంతస్తులు బూడిదయ్యెను, మరియొకదానికి హాని కలిగెను. అయినను లేపనము చక్కగా చిమ్మబడియుండుటచే ప్రధాన చట్రమునకు చెప్పుకొనదగిన హాని కలుగలేదు.

1991 ఫిబ్రవరి 23వ తేదీన ఫిలడెల్ఫియాలో ముప్పదియెనిమిది అంతస్తుల వన్ మెరీడియన్ ప్లాజా కథ ఇంతకన్న కఠినమైనది. కొయ్యపనివారు విడిచిన అవిసెనూనె గుడ్డలు తమంతట తామే రాజుకొని ఇరువదిరెండవ అంతస్తున మంట లేచినది. విద్యుత్తు పోయినది, అత్యవసరపు జనరేటరు పనిచేయలేదు, నీటి గొట్టములలో ఒత్తిడిని తగ్గించుటకు పెట్టిన కవాటములు సరిగా అమర్పబడని కారణమున పైన గొట్టము పట్టినవారికి చాలినంత నీరు రాలేదు. ముగ్గురు అగ్నిమాపక దళ సభ్యులు పొగలో దారి తప్పి మరణించిరి. దూలములు జానెడు మూరెడు క్రుంగగా, భవనము కూలునేమో యన్న భయముతో తెల్లవారిన పిదప దళమువారందరిని వెలుపలికి రప్పించివేసిరి. ఎవరును ఆర్పువారు లేక మండుచు పోయిన ఆ అగ్ని ముప్పదవ అంతస్తున ఆగినది. అచ్చట అద్దెకున్నవారు తమకై తాము పెట్టించుకొన్న స్ప్రింక్లర్లలో పది విచ్చుకొని దానిని నిలిపినవి. పందొమ్మిది గంటలు కాలినను ఆ భవనము కూలలేదు. మరల వాడుకొనుటకు వీలుకాక చివరకు 1999లో దానిని విప్పివేసిరి గాని, తనలోనివారిని నలిపివేయలేదు. పది చిన్న నీటి ముక్కులు ఒక నగరపు దళమంతయు చేయలేని పనిని చేసినవన్న సంగతిని తమ యొద్ద పనిచేయు ప్రతి గుత్తేదారునకును చెప్పవలసియున్నది.

లేపనము ఉన్నచోట ఒక విధముగను, లేనిచోట వేరొక విధముగను ఉక్కు ఎట్లు ప్రవర్తించునో ఒకే భవనమున చూపిన ఉదాహరణ మాడ్రిడ్ నగరమందలి విండ్సర్ భవనము. 1970లలో కట్టిన ఆ భవనమునకు నడుమ కాంక్రీటు గోడలును, అంచున సన్నని ఉక్కు స్తంభములును ఉండెను. ఆ స్తంభములకు మొదట ఏ రక్షణయు లేదు. 2005 నాటికి క్రిందినుండి పైకి అంతస్తు తరువాత అంతస్తుగా రక్షణ కల్పించుకొనుచు వచ్చుచుండిరి. ఆ పని చాలవరకు పదునేడవ అంతస్తు వరకు జరిగినది. ఆ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి ఇరువదియొకటవ అంతస్తున మంట లేచి భవనమంతట వ్యాపించినది. రక్షణ పొందిన క్రింది స్తంభములు నిలిచినవి. రక్షణకై వేచియున్న పై స్తంభములు వంగి, తమతోకూడ అంచు అంతస్తులను వరుసగా క్రిందికి లాగికొనిపోయినవి. నడిమి కాంక్రీటు గోడలును, నడుమ నున్న దళసరి కాంక్రీటు అంతస్తును ఆ పతనమును అడ్డగించినవి. అది రాత్రివేళ యగుటయు, భవనములో జనులు లేకుండుటయు దైవానుగ్రహము. ఒక్క ప్రాణమును పోలేదు.

తెహరాన్ నగరమునకు ఆ అనుగ్రహము లభింపలేదు. 1962 నాటి ప్లాస్కో భవనములో బట్టల దుకాణములును కుట్టుపని కర్మాగారములును క్రిక్కిరిసియుండెను. రక్షణ చాలదని అధికారులు మాటిమాటికి హెచ్చరించిరి. ఎవరును చెవిని పెట్టలేదు. 2017 జనవరి 19వ తేదీన అది మండుచుండగా లోపల ప్రవేశించిన అగ్నిమాపక దళమువారి మీదనే ఆ ఉక్కు చట్రము కూలినది. ఆ శిథిలములక్రింద పోయినవారిలో పదునారుగురు మంట నార్పుటకు వచ్చినవారే. వంగుచున్న భవనములోనికి మనుష్యులను పంపుట ఎట్టిదో ఆలోచించునప్పుడెల్ల నాకు ఈ పదునారుగురు గుర్తునకు వత్తురు.

న్యూయార్కు నగరపు జంట భవనములను గూర్చి పలువురు పలువిధముల వ్రాసిరి. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థ సంవత్సరముల తరబడి పరిశోధించి 2005లో తేల్చిన అంశములలో మన ప్రస్తుత విషయమునకు సంబంధించినది ఒక్కటియే: విమానములు తాకిన తాకుడునకు అనేక స్తంభములు తెగినను ఆ భవనములు నిలిచినవి, ఆ తాకుడుతో ఉక్కుమీది లేపనము విస్తారముగా రాలిపోకయుండినచో, తరువాతి మంటలకు సైతము అవి బహుశః నిలిచియుండెడివి. అంగుళమో రెండంగుళములో మందమున్న ఒక పూత, చేతితో గీరిన రాలు పూత, అంతటి భారమును మోయుచున్న వ్యవస్థలో ఒక అంగమని దీనివలన తెలియుచున్నది.

ఆ జంట భవనములు కూలిన దినముననే సాయంకాలము ఐదు గంటల ఇరువది నిమిషములకు కూలిన మూడవ భవనము, నలువదియేడు అంతస్తుల ఏడవ నంబరు భవనము, మనకు మరింత ఉపదేశకరమైనది; ఏలయనగా దానిని ఏ విమానమును తాకలేదు. ప్రక్క భవనపు శిథిలములు పడి రాజుకొన్న మంటలు, ఆర్పువారు లేక, దాదాపు ఏడు గంటలసేపు కొన్ని అంతస్తులలో కార్యాలయపు సామగ్రిని తినుచు తిరిగినవి. వీధిక్రింది ప్రధాన నీటిగొట్టము పగిలిపోవుటచే క్రింది అంతస్తుల స్ప్రింక్లర్లకు నీరు లేదు. 2008 నవంబరులో వెలువడిన ఆ ప్రమాణముల సంస్థ తుది నివేదిక ప్రకారము, అచ్చట ఉక్కు ముందుగా బలము కోల్పోయి కూలలేదు; ముందుగా పొడవు పెరిగినది. పదిహేను మీటర్ల దూలము నాలుగు వందల డిగ్రీలు కాగినచో సుమారు ఏడు సెంటీమీటర్లు సాగును. ఇది పాఠశాల విద్యార్థియు వేయగల లెక్క. తూర్పు భాగమున నున్న పొడవైన దూలములు అట్లు సాగి, తమ కొన ఆనియున్న గర్డరును దాని ఆసనముమీదినుండి ప్రక్కకు త్రోసివేయగా, పదుమూడవ అంతస్తు పడినది. అది క్రింది అంతస్తులను పడగొట్టినది. తొమ్మిది అంతస్తుల ఎత్తున ప్రక్క ఆధారములను కోల్పోయిన డెబ్బదితొమ్మిదవ నంబరు స్తంభము వంగినది. తక్కిన భవనము దానిని అనుసరించినది. ఈ నిర్ణయమును అంగీకరింపని ఇంజనీర్లు నేటికిని కలరు. నాకు మాత్రము ఆ నివేదిక బోధించిన విషయము సందేహరహితముగా తోచుచున్నది: దూలములు బలము కోల్పోవునని మనము లెక్కవేయు వేడికి వందల డిగ్రీలు తక్కువ వేడియందే, సాగుట వలన, అతుకులు ఊడిపోగలవు. దూలమునకు లేపనము పూసితిమి గదా యని నిశ్చింతగా నుండుటకు వీలులేదు. దూలము దూలముతో కలియు కీలు ఆ సాగుడును ఓర్చుకొనవలెను.

దీనికి ఎదురుగా మనకు ధైర్యమునిచ్చు సంఘటన యొకటి ఉన్నది. 1990 జూన్ 23వ తేదీన లండన్ నగరములో బ్రాడ్‌గేట్ అను చోట పదునాలుగు అంతస్తుల భవనము కట్టుబడిలో నుండగా, గుత్తేదారు వేసికొన్న తాత్కాలిక గదిలో మంట పుట్టి నాలుగున్నర గంటలు కాలినది, వాయువు వేడి 1000 డిగ్రీలను దాటినది, ఉక్కునకు అప్పటికి లేపనము పూర్తి కాలేదు, స్ప్రింక్లర్లు లేవు. లెక్క ప్రకారము కూలవలసిన ఆ భవనము క్రుంగినదే కాని కూలలేదు. ఈ విచిత్రమును చూచి ఆశ్చర్యపడి యూరకుండక, కారణమును వెదకిన ఆంగ్ల శాస్త్రజ్ఞుల దీక్షను నేను మిక్కిలి గౌరవింతును. వారు బెడ్‌ఫర్డ్ సమీపమున కార్డింగ్టన్ అను గ్రామమునందు పూర్వము ఆకాశనౌకలకై కట్టిన బ్రహ్మాండమైన కొట్టములో నిజమైన ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనమును నిర్మించి, 1995, 1996 సంవత్సరములలో దానికి బుద్ధిపూర్వకముగా నిప్పు పెట్టి చూచిరి. లేపనము లేని దూలములు వెయ్యి డిగ్రీలను దాటి కాగి జానెడునకు పైగా క్రుంగినను అంతస్తులు పడలేదు. ఉక్కు అలసిపోయినప్పుడు, దానిమీద పరచిన కాంక్రీటు స్లాబు, తనలోని కమ్మీల సాయమున వలవలె బరువును పట్టి, చల్లగా నున్న అంచులకు అందించుచున్నదని వారు కనుగొనిరి. కొలిమిలో ఒంటరిగా కాల్చిన దూలమునకు లేని ఈ సహాయము, భవనములో చుట్టుపట్లవారితో కలిసియున్న దూలమునకు లభించును.

అయితే ఆ పరీక్షలలోనే మరియొకటియు బయటపడినది. మంట చల్లారునప్పుడు సాగిన దూలము తిరిగి ముడుచుకొనుచు తన కొనలను లోపలికి లాగును. ఆ లాగుడునకు కొన్ని అతుకుల పలకలు చీలిపోయినవి. అనగా ప్రమాదము అగ్నితో ముగియదు. ఆరిపోయినదని తలచి లోనికి అడుగుపెట్టు వేళలో సైతము ఉక్కు కదలుచునే యుండును. మన పరీక్షాగారములు ఐ.ఎస్. 3809 ప్రకారము చేయు కొలిమి పరీక్షలు ఒక్కొక్క అంగమును విడిగా కాల్చి, అది ఇన్ని గంటలు నిలిచినదని ధ్రువపత్రమిచ్చును. రెండు గంటల ధ్రువపత్రము గల దూలములతో కట్టినది గనుక భవనము రెండు గంటలు నిలుచునని ఆ పత్రము చెప్పదు, చెప్పజాలదు. సాగుట, ముడుచుకొనుట, ప్రక్క దూలమును త్రోయుట, స్లాబు మోయుట మొదలగునవి ఆ కొలిమిలో కనబడవు.

తమ భవనములకు రూపకల్పన చేసిన ఫాస్టర్ సంస్థయే లండన్ నగరములో సెయింట్ మేరీ యాక్స్ భవనమును, న్యూయార్కులో హర్స్ట్ భవనమును ఇట్టి అల్లిక చట్రముతో రచించినది. ఈ అల్లికకు ఒక సహజగుణము కలదు: ఒక ఏటవాలు దూలము అలసినచో ప్రక్క త్రిభుజములు దాని బరువును పంచుకొనగలవు. ఇది సంతోషింపదగినది. కాని అనేక దూలములు వచ్చి ఒకే చోట కలియు ముడియందు భారమంతయు కేంద్రీకరించుటచే ఆ ముడుల క్షేమమే భవనపు క్షేమమగుచున్నది. పైగా ఈ అల్లిక భవనపు వెలుపలి అంచున, అద్దమునకు అతి సమీపమున నుండును. మంటలు అద్దమును పగులగొట్టి వెలుపలికి నాలుకలు చాచునది అచ్చటనే. ఏ అంతస్తున మంట పుట్టినను మొదట తాకునది ప్రధాన చట్రమునే అయినప్పుడు, ఆ చట్రమును గూర్చి, ముఖ్యముగా దాని ముడులను గూర్చి, అగ్నిలో సాగుటకును చల్లారి ముడుచుకొనుటకును ప్రత్యేకమైన గణనము చేయించి, ఆ గణనమును చేయనివారిచేత మరల పరీక్షింపజేయవలెనని కోరుచున్నాను.

ఇంతకన్న నేను ఎక్కువగా భయపడునది తరువాతి కాలమును గూర్చి. లేపనము చిమ్మిన మరునాటినుండియే దానికి శత్రువులు బయలుదేరుదురు. ఎయిర్ కండిషను గొట్టములు వ్రేలాడదీయువాడు కొక్కెము బిగించుటకై అరచేతి వెడల్పున గీరివేయును. విద్యుత్తు పనివాడు తీగల పళ్లెము కొరకు మరికొంత గీరివేయును. కొన్నేండ్లకు ఒక అధికారి గదిని రెండు గదులుగా మార్చునప్పుడు మరికొంత రాలిపోవును. వీరిలో ఎవరును దుర్మార్గులు కారు. వారు గీరుచున్నది భవనమును నిలుపుచున్న వస్తువని వారికి చెప్పినవారు లేరు. ఒక బోల్టును ఊడదీయుటకు ఎవరైనను సాహసింతురా? వెల్డింగు అతుకును రాపిడి పట్టుటకు ఏ ఇంజనీరైనను అనుమతించునా? లేపనమునకును ఆ గౌరవమే కలుగవలెను. దాని మందమును అంతస్తు అంతస్తునను కొలిచి, పట్టును పరీక్షించి, ఆ కొలతలను బోల్టుల బిగింపు లెక్కలతో సమానముగా పుస్తకమున నెక్కించి, ఫాల్స్ సీలింగు విప్పిన ప్రతిసారి మరల చూచి సంతకము చేయు అధికారిని పేరుతో నియమింపవలెను. గీరిన చోటును ఆ దినముననే పూడ్చనిదే బిల్లు చెల్లింపబడదను నియమమును గుత్తేదారుల ఒప్పందములోనే వ్రాయించుటకు ఇప్పుడు వీలున్నది. భవనము అప్పగించిన పిదప ఉండదు.

నీటిని గూర్చియు ఒక మాట. ఏడవ నంబరు భవనమున గొట్టము పగిలినది, ఫిలడెల్ఫియాలో కవాటము మోసగించినది. రెండు చోట్లను నగరమున నీటికి కొదవ లేదు. కృష్ణానది ప్రక్కనే పారుచుండగా మనకును కొదవ యుండదు. కాని నదిలోని నీరు నలువదియైదవ అంతస్తునకు తనంతట ఎక్కదు. పైన నిలువచేసిన తొట్లు, ఒకటి చెడిన ఒకటి పనిచేయు పంపులు, విద్యుత్తు పోయినను నడచు ఇంజన్లు కాగితము మీద ఉన్నంత మాత్రమున ప్రయోజనము లేదు. ఏటేట పై అంతస్తున గొట్టము విప్పి, నీరు ఎంత ఒత్తిడితో వచ్చుచున్నదో అగ్నిమాపక శాఖవారి ఎదుట కొలువవలెను.

రాజధాని భవనములకు కావలసినంత శ్రద్ధ దొరకునను నమ్మకము నాకు కలదు. రాష్ట్రములో ఇతరత్ర వెలయుచున్న ఉక్కు షెడ్ల సంగతి వేరు. మిర్చి, పసుపు, ప్రత్తి నిలువచేయు గిడ్డంగులు, రసాయనముల కర్మాగారములు, పెండ్లి మంటపములు కూడ నేడు పలుచని ఉక్కు చట్రముల మీదనే లేచుచున్నవి. వానిలో అనేకములకు లేపనము అను మాటయే లేదు. కప్పు చాల ఎత్తున నున్నది గనుక మంట దానిని చేరదను భావన 1967 జనవరిలో చికాగోలో వమ్మైనది. ఆరేండ్లు మాత్రమే గడచిన మెకార్మిక్ ప్లేస్ ప్రదర్శనశాల విశాలమైన కప్పు, రక్షణ లేని ట్రస్సులతో సహా, కొద్దిసేపటిలోనే నేలపాలైనది. ఆ షెడ్లు తమ అధికారములోనివి కావచ్చును, కాకపోవచ్చును. కాని అమరావతిలో తాము నెలకొల్పు ఆచారమును తక్కిన పట్టణములవారు చూచి నేర్చుకొందురు.

కావున తమతో నా విన్నపము ఇది. ఈ ఐదు భవనముల చట్రమునకు నిర్ణయించిన అగ్నినిరోధ కాలమెంతయో, ఏ లేపనము ఎంత మందమున వాడుచున్నారో, ముడులను గూర్చిన అగ్ని గణనమును ఎవరు చేసి ఎవరు సరిచూచిరో తెలుపు నివేదికను తెలుగులోను ఇంగ్లీషులోను ప్రజల ముందుంచుడు. అద్దములు బిగింపకమునుపు విజయవాడ, గుంటూరు అగ్నిమాపక కేంద్రములలో పనిచేయువారిని రప్పించి, చట్రము బయలుగా నుండగానే అంతస్తు అంతస్తు త్రిప్పి చూపుడు. ఫిలడెల్ఫియాలో ఆ రాత్రి దళాధిపతి తనవారిని లోపల ఉంచుటయో, వెనుకకు పిలుచుటయో, క్రుంగిన దూలములను చూచి మదింపు వేసికొని నిర్ణయింపవలసి వచ్చినది. అట్టి దినము మనకు వచ్చినచో, ఏ అంతస్తున ఏ దూలము ఎంతసేపు నిలుచునో, ఎంత క్రుంగిన ప్రమాదమో, చల్లారిన ఎన్ని గంటలకు లోనికి పోవచ్చునో తెలుపు పటము నేల అంతస్తులోని అగ్నిమాపక గదిలో, చదువవచ్చునంత పెద్ద తెలుగు అక్షరములతో, వారికొరకు సిద్ధముగా నుండవలెను.

భవదీయుడు,
ఒక పౌరుడు